జీపు వెనుక ఇరుసు హౌసింగ్ మార్చినప్పటి నుంచి ఫోర్ వీల్ వేస్తే ముందు జాయింట్లు విరుగుతున్నాయి: కారణం ఏమై ఉంటుంది?

గుణుపురం రైతు:

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. ఊరికి దూరంగా కొండ వాలున మాకు జీడితోట ఉంది. వేసవిలో జీడిపిక్కలు, చింతపండు దించుకోవడానికీ, వానాకాలంలో కూలీలను, ఎరువుల బస్తాలను చేర్చడానికీ పాత ఫోర్ వీల్ జీపు ఒకటి వాడుతున్నాను. దారిలో రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటాలి. వానలు పడితే ఆ గెడ్డల దగ్గర ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందించే అమరిక) లేకుండా బండి కదలదు. ఆ తర్వాత కొండ ఊరి వరకు సిమెంటు రోడ్డు ఉంటుంది.

పోయిన కార్తీకంలో వెనుక ఇరుసు హౌసింగ్ (ఇరుసును, దాని గేర్లను కప్పి ఉంచే ఇనుప తొడుగు) గొట్టం కమాను కట్టు దగ్గర పగిలింది. వెల్డింగు చేయిస్తే నెల రోజులు కూడా నిలవలేదు. అప్పుడు పాత సామాన్ల దుకాణంలో అదే రకం జీపుది పూర్తి హౌసింగ్, లోపలి క్రౌన్ పినియన్‌తో (క్రౌను అనే పెద్ద పళ్ళచక్రం, దాన్ని తిప్పే పినియను అనే చిన్న పళ్ళచక్రం జతతో) సహా దొరికితే కొని బిగించాము. బోల్టులు, కమాను పట్టీలు, బ్రేకు డ్రమ్ములు అన్నీ సరిగ్గా సరిపోయాయి. కొలతలో వెంట్రుకవాసి తేడా కూడా కనిపించలేదు.

అప్పటి నుంచే కష్టాలు మొదలయ్యాయి. మొదటిసారి గెడ్డ బురదలో ఫోర్ వీల్ వేసి, దాటి, సిమెంటు రోడ్డెక్కాక ఫోర్ వీల్ తీసేయడానికి లివరు వెనక్కి లాగితే ఎంతకీ రాలేదు. బండి ఎవరో వెనుక నుంచి పట్టి లాగుతున్నట్టు బరువుగా నడిచింది. వంద గజాలు పోయేలోపే పెద్ద చప్పుడుతో ముందు ప్రొపెల్లర్ షాఫ్టు (బలాన్ని ఇరుసుకు చేర్చే పొడవాటి కడ్డీ) జాయింటులోని యూజే క్రాసు విరిగి, దాని గిన్నె ముక్కలైంది. క్రాసు మార్చాము. పదిహేను రోజులకు మళ్ళీ అదే చోట అదే పని జరిగింది. మూడోసారి క్రాసు నిలబడింది గాని ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజను బలాన్ని ముందు, వెనుక షాఫ్టులకు పంచే గేరు పెట్టెలో) గరగరమని శబ్దం మొదలైంది. ఆయిలు దించి చూస్తే అడుగున ఇనుప రజను మెరుస్తోంది.

క్రాసులు నకిలీవని మా మెకానిక్కు అన్నాడు. కంపెనీ క్రాసులు తెచ్చి వేసినా ఫలితం లేదు. ఇప్పుడు ముందు హౌసింగ్ వంగి ఉంటుందని, అది కూడా మార్చాలని అంటున్నాడు. టూ వీల్‌లో నడిపితే ఏ ఇబ్బందీ లేదు, ఇంజను మాత్రం మునుపటి కంటే కొంచెం ఎక్కువ అరుస్తున్నట్టు అనిపిస్తోంది. ఇంకొక చిన్న విషయం, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు: ఇంటి నుంచి తోట గేటు వరకు మీటరు ఎప్పుడూ 29 కిలోమీటర్లు చూపేది, ఈ మధ్య 32 చూపుతోంది. మీటరు కేబులు కూడా పాడైందని అనుకుంటున్నాను.

ముందు హౌసింగ్ మార్చమంటారా? ఇప్పటికే చేతి డబ్బు చాలా పోయింది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

రాయగడ మేస్త్రి:

బాబూ, ముందు హౌసింగ్ జోలికి ఇప్పుడే పోకండి. మీరు చివర్లో సంబంధం ఉందో లేదో అంటూ రాసిన మీటరు సంగతే ఈ రోగానికి అసలు లక్షణం. ఈ పాత జీపుల్లో మీటరు కేబులు ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక వైపు షాఫ్టు నుంచి వస్తుంది, చక్రం నుంచి కాదు. అంటే మీటరు లెక్కపెట్టేది ప్రొపెల్లర్ షాఫ్టు చుట్లను. తోట జరగలేదు, టైర్లు మారలేదు, అయినా అదే దూరానికి షాఫ్టు ఇప్పుడు నూటికి పది చుట్లు ఎక్కువ తిరుగుతోందంటే, మీరు కొన్న హౌసింగ్‌లోని క్రౌన్ పినియన్ లెక్క మీ పాతదానితో కలవడం లేదన్నమాట. ఇంజను ఎక్కువ అరవడానికీ అదే కారణం.

ఈ జీపుల సంగతి తెలియనివారి కోసం కొంచెం వివరంగా రాస్తాను. క్రౌన్ పళ్ళను పినియన్ పళ్ళతో భాగిస్తే వచ్చేదే ఇరుసు నిష్పత్తి, మనం షెడ్డులో రేషియో అనేది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ జీపులో 39 పళ్ళ క్రౌను, 8 పళ్ళ పినియను ఉండేవి, నిష్పత్తి 4.88. 1953లో వచ్చిన సీజే-3బీ జీపులో 43 పళ్ళ క్రౌను, అదే 8 పళ్ళ పినియను, నిష్పత్తి 5.38. మన దేశంలో ఆ నమూనాలే దశాబ్దాల తరబడి తయారయ్యాయి, ఇంజన్లు మారాయి, నిష్పత్తులూ మారాయి, కాని హౌసింగ్ పైరూపం పెద్దగా మారలేదు. అందుకే బయట నుంచి ఎంత కొలిచినా తేడా దొరకదు. కొన్ని హౌసింగులకు కవరు బోల్టు కింద పళ్ళ లెక్క కొట్టిన చిన్న రేకు ఉంటుంది, కాని ఇన్నేళ్ళ తర్వాత అది మిగిలి ఉన్న బండిని నేను ఎప్పుడో ఒకసారి గాని చూడలేదు.

మీరు చేయవలసిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. బండిని చదునైన నేల మీద నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా పెద్ద రాళ్ళు అడ్డం పెట్టండి. ఈ మాట మళ్ళీ చెబుతున్నాను: పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాలకు కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక డ్రమ్ముకు ఉంటుంది. వెనుక షాఫ్టు తిరగాలంటే దాన్ని వదలక తప్పదు, కనుక రాళ్ళే మీకు రక్ష. ట్రాన్స్‌ఫర్ లివరు న్యూట్రల్‌లో ఉంచి, వెనుక ఒక్క చక్రాన్ని మాత్రమే జాకీతో లేపండి. రెండోది నేల మీదే ఉండాలి. లేచిన చక్రం మీద, ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దముక్కతో గీతలు పెట్టండి. ఒక చక్రం నిలిచి ఉండగా రెండోది రెండు చుట్లు తిరిగితేనే లోపల క్రౌను ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి చక్రాన్ని సరిగ్గా 16 చుట్లు తిప్పితే క్రౌను 8 చుట్లు తిరుగుతుంది, ఆ లోపు షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో మీ మనిషి కింద కూర్చుని లెక్కపెట్టాలి. 39 వస్తే 4.88, 43 వస్తే 5.38. రెండు చుట్లకే లెక్క ముగించేవారు ఉన్నారు, అప్పుడు తేడా అర చుట్టే కనబడుతుంది కనుక పొరపాటుకు ఆస్కారం ఎక్కువ. 16 చుట్లు తిప్పండి, ఓపిక పట్టండి.

తర్వాత వెనుక చక్రాలకు రాళ్ళు పెట్టి ముందు చక్రంతో ఇదే చేయండి. ఫ్రీ వీల్ హబ్బులు ఉంటే వాటిని లాకులో పెట్టడం మరవకండి, లేకపోతే చక్రం తిరుగుతుంది గాని షాఫ్టు కదలదు.

ఈ లెక్క తేలేదాకా ఫోర్ వీల్ వేయవద్దు. మరీ గెడ్డ దాటవలసి వస్తే ట్రాక్టరుతో లాగించుకోండి.

జయపురం ఇంజనీరు:

మేస్త్రిగారు చెప్పిన కారణమే సరైనదని నాకూ అనిపిస్తోంది. అయితే వెనుక ఇరుసు మారిస్తే ముందు జాయింట్లు ఎందుకు విరగాలన్నది చాలామందికి అంతుపట్టని విషయం. మీ మెకానిక్కు ముందు హౌసింగ్‌ను అనుమానించడం కూడా అందువల్లే అయి ఉంటుంది. విరిగిన చోటే తప్పు ఉందని అనుకోవడం సహజమే గాని, ఈ బండ్ల విషయంలో అది చాలాసార్లు దారి తప్పిస్తుంది.

ఈ రకం జీపుల్లో ముందు, వెనుక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. ఫోర్ వీల్ పడగానే రెండు షాఫ్టులూ ఒకే ఇనుప కడ్డీలాగా ఒకే వేగంతో తిరగవలసి వస్తుంది. రెండు నిష్పత్తులూ సమానంగా ఉన్నా సరే, మలుపులో ముందు చక్రాలు పెద్ద వంపులో నడుస్తాయి కనుక గట్టి రోడ్డు మీద షాఫ్టుల్లో మెలిక పడుతుంది. బురదలోనో ఇసుకలోనో చక్రం కొంచెం జారి ఆ మెలికను వదిలించుకుంటుంది. సిమెంటు రోడ్డు జారనివ్వదు. ఇది అందరికీ ఉండే ఇబ్బంది, బండి తిన్నగా నడిచినా కొంత వెనక్కి తీసినా వదిలిపోతుంది.

మీ బండిలో జరుగుతున్నది వేరు. వెనుక 5.38, ముందు 4.88 అనుకుంటే, షాఫ్టులు రెండూ ఒకే వేగంతో తిరుగుతున్నప్పుడు వెనుక చక్రాలు 100 మీటర్లు పోవాలని చూస్తే ముందు చక్రాలు 110 మీటర్లు పోవాలని చూస్తాయి. తిన్నటి రోడ్డు మీద కూడా ఇది క్షణం ఆగదు. ముందు ఇరుసు బండిని లాగుతుంది, వెనుక ఇరుసు బ్రేకు వేసినట్టు పట్టి ఉంచుతుంది, ఆ పట్టు వెనుక షాఫ్టు నుంచి ట్రాన్స్‌ఫర్ కేసు గుండా తిరిగి ముందు షాఫ్టుకే చేరుతుంది. అంటే ఇంజను ఇచ్చే బలం కాక, ఇరుసుల మధ్య గుండ్రంగా తిరిగే ఈ బలం కూడా ముందు షాఫ్టు మీదనే పడుతుంది. మీరు రాసిన, వెనుక నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు అన్న మాట అక్షరాలా నిజం. లాగుతున్నది మీ వెనుక చక్రాలే.

దాని పరిమాణం ఎంతో ఉజ్జాయింపుగా చూద్దాం. ముందు ఇరుసు మీద 700 కిలోల బరువు ఉందని, పొడి సిమెంటు మీద రాపిడి గుణకం 0.8 అని తీసుకుంటే, ముందు చక్రాలు జారడానికి ముందు 560 కిలోల బలం దాకా పట్టి ఉంటాయి. చక్రం వ్యాసార్థం 0.36 మీటరు అయితే ఇరుసు దగ్గర అది సుమారు 200 కిలోగ్రామ్ మీటర్లు, దాన్ని 4.88తో భాగిస్తే షాఫ్టు మీద 41. ఆ క్షణంలో డ్రైవరు యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా ఆనించినా, టాప్ గేరులో పోతున్నా, ఈ మెలి బలం తగ్గదు. జారడం, పట్టడం, మళ్ళీ జారడం అన్న దెబ్బల వరుసలో యూజే క్రాసు గిన్నెలు, ట్రాన్స్‌ఫర్ కేసు లోపలి భాగాలు దెబ్బతింటాయి. లివరు రాకపోవడానికి కారణం కూడా ఇదే: పళ్ళ మీద అంత ఒత్తిడి ఉన్నప్పుడు జారుడు గేరు తన చోటు నుంచి కదలదు. ఇంకా బలవంతంగా లాగితే గేరును జరిపే ఫోర్కు వంగుతుంది, అది మాత్రం చేయకండి.

దీనికి మించిన ప్రమాదం ఒకటి ఉంది. ముందు చక్రాలు ఎప్పుడూ జారుతూనే ఉంటాయి కనుక తడి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు స్టీరింగుకు పట్టు తగ్గిపోతుంది. కూలీలను ఎక్కించుకుని ఈ స్థితిలో ఫోర్ వీల్‌తో దిగడం ఎంతమాత్రం తగదు.

బరంపురం వాసి:

విషయం ఇరుసు గురించే అయినా, ఇదే జబ్బు టైర్ల వల్ల కూడా వస్తుందని చెప్పాలనిపించింది, ఎందుకంటే నేను దాని వల్ల నష్టపోయాను. నాది కొత్త తరహా కారు, అవసరమైనప్పుడు వెనుక చక్రాలకు తనంత తానే బలం పంపే కప్లింగు ఉన్నది. రెండు టైర్లు అరిగితే రెండే మార్చి, మిగిలిన రెండూ ఇంకా నడుస్తాయిలే అని వదిలేశాను. 215/75 ఆర్ 15 టైరు కొత్తలో సుమారు 703 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది. ట్రెడ్డు 8 మిల్లీమీటర్ల నుంచి 2కు అరిగితే వ్యాసం 12 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంటే దాదాపు 1.7 శాతం. మీ పది శాతంతో పోలిస్తే ఇది స్వల్పమే. కాని హైవే మీద గంటల తరబడి నడిచేసరికి కప్లింగు నిరంతరం జారుతూ వేడెక్కి చివరికి పాడైంది. మీ జీపుకు కూడా వెనుక ఒక సైజు, ముందు ఒక సైజు టైర్లు ఉంటే ఆ తేడా ఇరుసు తేడాకు తోడవుతుంది, లేదా దాన్ని కొంత కప్పిపెడుతుంది. కనుక లెక్కపెట్టే ముందు నాలుగు టైర్ల మీది అంకెలు కూడా ఒకసారి చదివి చూడండి.

గుణుపురం రైతు:

మేస్త్రిగారికి, ఇంజనీరుగారికి, బరంపురం అన్నగారికి నమస్కారాలు. టైర్లు నాలుగూ ఒకే సైజు, ఒకేసారి వేసినవి. నిన్న పొద్దున్న మా తమ్ముడితో కలిసి లెక్కపెట్టాము. వెనుక చక్రం 16 చుట్లకు షాఫ్టు సరిగ్గా 43 చుట్లు తిరిగి సుద్దగీత మళ్ళీ పైకి వచ్చి నిలిచింది. ముందు చక్రానికి 39 దగ్గర నిలిచింది. నమ్మలేక రెండోసారి కూడా చేశాము, అవే అంకెలు.

మూడు క్రాసులకు, ట్రాన్స్‌ఫర్ కేసు పనికి పెట్టిన డబ్బు కంటే, ఆ సుద్దముక్క ముందే పట్టుకోలేదన్న బాధ ఎక్కువగా ఉంది. ఇప్పుడు ముందు క్రౌన్ పినియన్‌ను 5.38కి మార్చాలా, వెనుకదాన్ని 4.88కి మార్చాలా? ఈలోపు ముందు ప్రొపెల్లర్ షాఫ్టు విప్పేసి నడుపుకోవచ్చునా? తోటలో పని ఆగకూడదు.

రాయగడ మేస్త్రి:

ముందు షాఫ్టు విప్పేసి టూ వీల్‌లో హాయిగా నడుపుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: షాఫ్టు లేదు కదా అని ఫోర్ వీల్ వేసి లో రేంజి (వేగం తగ్గించి బలం పెంచే గేరు) వాడకండి. ఆ బలమంతా వెనుక ఇరుసు మీదనే పడి ఈసారి హాఫ్ షాఫ్టు (ఇరుసు లోపల చక్రాన్ని తిప్పే కడ్డీ) విరుగుతుంది. పాత జీపుల్లో ఫోర్ వీల్ పడితే గాని లో రేంజి పడకుండా కట్టుదిట్టం చేసింది అందుకే.

ఏది మార్చాలన్నది మీ వాడకాన్ని బట్టి ఉంటుంది. 5.38 లోడుకు, ఎక్కుడుకు మంచిది, కాని రోడ్డు మీద ఇంజను ఎక్కువ తిరుగుతుంది, డీజిలు కూడా ఎక్కువ తాగుతుంది. పనిలో శ్రమ చూస్తే ముందు డిఫరెన్షియల్ తీయాలంటే హబ్బులు, నకిళ్ళు (ముందు చక్రాలు మలిగే కీళ్ళు) విప్పి ఇరుసులు బయటికి లాగాలి. వెనుక అయితే హాఫ్ షాఫ్టులు లాగి కవరు విప్పితే చాలు. నేనైతే వెనుకదే మారుస్తాను.

అయితే అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న. గొట్టం పగిలిన మీ పాత హౌసింగ్‌ను తూకానికి వేసేశారా, ఇంకా ఉంచారా? పగిలింది గొట్టమని మీరే రాశారు, లోపలి పళ్ళు బాగానే ఉండవచ్చు.

గుణుపురం రైతు:

మేస్త్రిగారూ, అది మా పెరట్లో పనసచెట్టు కింద పడి ఉంది. మీ మాట చదివిన వెంటనే వెళ్ళి కవరు విప్పాను. పైన తుప్పు పట్టింది గాని లోపల పాత ఆయిలు పూత ఉండటం వల్ల పళ్ళు నల్లగా, నునుపుగా ఉన్నాయి. క్రౌను అంచు మీద 39, 8 అని కొట్టి ఉంది. పళ్ళ మీద ఎక్కడా పెచ్చు లేదు.

రాయగడ మేస్త్రి:

అయితే మీకు కొత్తగా కొనవలసింది బేరింగులు, సీళ్ళు మాత్రమే. క్రౌను, పినియను రెండూ జతగా తీసి, ఇప్పుడున్న హౌసింగ్‌లో వేయించండి. ఒకదాన్ని పాతది, ఒకదాన్ని వేరేది కలపవద్దు. అవి ఒకదానితో ఒకటి అరగదీసి జతచేసినవి, వాటి మీద జత నంబరు కూడా ఉంటుంది. పాత షిమ్ములు (గేర్ల మధ్య సందు సరిచేసే పలుచని రేకులు) అలాగే తెచ్చి వేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, హౌసింగ్ మారింది కనుక షిమ్ములు మళ్ళీ చూడవలసిందే. పళ్ళకు రంగు పూసి తిప్పించి, పట్టు (రెండు పళ్ళూ తగిలిన గుర్తు) పన్ను మధ్యలో పడుతోందో లేదో మీ కళ్ళతో మీరే చూడండి. మొనకు గాని మొదలుకు గాని జరిగి ఉంటే పినియను షిమ్ము మార్చాలి. క్రౌనుకు, పినియనుకు మధ్య ఆట (వదులు) డయల్ గేజీతో (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలత పరికరంతో) 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉండేలా పెట్టించండి. డయల్ గేజీ లేని షెడ్డులో ఈ పని చేయించవద్దు.

ట్రాన్స్‌ఫర్ కేసు కూడా తప్పక విప్పించాలి. రజను కనబడిందంటే ఇంటర్మీడియట్ షాఫ్టు (కేసులో మధ్య గేరు తిరిగే కడ్డీ) మీద గాట్లు పడి ఉంటాయి. దాన్ని వేలుతో తడిమితే తెలుస్తుంది. గోరు తగిలేంత గాటు ఉంటే షాఫ్టు, దాని బేరింగులు మార్చి, కేసును డీజిలుతో కడిగి, కొత్త ఆయిలు పోయించండి.

గుణుపురం రైతు:

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. పని పూర్తయి ఎనిమిది రోజులైంది. పర్లాకిమిడి వైపు డయల్ గేజీ ఉన్న షెడ్డు ఒకటి దొరికితే హౌసింగ్ విప్పుకుని అక్కడికే పట్టుకుపోయాము. రంగు పూసి చూస్తే మొదటిసారి పట్టు పన్ను మొనకు పడింది, రెండుసార్లు షిమ్ము మార్చాక మధ్యకు వచ్చింది. ఇంటర్మీడియట్ షాఫ్టు మీద మూడు చోట్ల గోరు తగిలే గాట్లు ఉన్నాయి, దాన్నీ మార్చాము. ఇంటికి తెచ్చి బిగించిన తర్వాత మళ్ళీ 16 చుట్లు తిప్పి చూశాము: వెనుక 39, ముందు 39.

నిన్న వాన పడింది. రెండు గెడ్డలూ ఫోర్ వీల్‌తో దాటి, సిమెంటు రోడ్డు ఎక్కకముందే బండి తిన్నగా నిలిపి లివరు వెనక్కి లాగితే రెండు వేళ్ళకే వచ్చింది. తోట గేటు దగ్గర మీటరు చూస్తే 29 తిరిగింది. అక్కడ ఎక్కించిన పన్నెండు బస్తాలతో దిగేటప్పుడు కూడా ముందు నుంచి ఏ శబ్దమూ రాలేదు. ముందు షాఫ్టు క్రాసులు చేత్తో పట్టుకుని చూశాను, వేడి లేదు.

ఆ 5.38 క్రౌన్ పినియన్ చక్కగా ఉంది. రెండు ఇరుసులూ 5.38 ఉన్న జీపు ఎవరికైనా ఉండి, దానికి కావాలంటే నేను ఇవ్వగలను. పళ్ళ లెక్క రేకు మీద కొట్టించి తీగతో కట్టి ఉంచాను.